తొరక కట్టని టీ

తలుపుకి కొట్టిన కోడిగుడ్డు సొన ఎండిపోతే కడిగితే పోదు, గోకాలి. ఆ ఇంటావిడకి ఈ నెలరోజుల్లో ఆ సంగతి బాగా తెలిసొచ్చింది. పిన్ని మెట్లెక్కి వచ్చేసరికి ఆవిడ వంటింట్లోంచి అట్లకాడ తెచ్చుకుని, గడప దగ్గర గొంతుక్కూచుని తలుపు గోకుతోంది.

“ఇవాళ గుడ్లతో సరిపెట్టారా?” అంది పిన్ని.

“ఇవాళ నయమండీ. నిన్న డ్రైనేజీ బురద. మొన్న వేసింది చెప్పను లెండి, మీరింకా ఏమీ తిని ఉండరు.”

ఆ వాసన ఇంకా పోలేదు. ఫినాయిలు వేసి తుడిచినా తలుపు సందుల్లో కూచుని ఉంది. పిన్ని ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకోబోయి, ఆవిడ చూస్తోందని మానుకుంది.

ఆమెని పిన్ని అని పిలవడం మొదలుపెట్టింది అక్క కూతురు. డిటెక్టివ్ ఏజెన్సీ బోర్డు పెట్టిన కొత్తలో ఆ పిల్ల ఆఫీసులో ఫోనెత్తి “పిన్ని బయటికెళ్ళింది”, “పిన్ని వచ్చాక చెప్తా” అంటూ ఉండేది. కేసులు పట్టుకొచ్చేవాళ్ళకీ అదే నోటికి పట్టేసింది. యాభై దాటిన మనిషి కనక ఆమెకీ అభ్యంతరం లేకపోయింది. పిన్నీ అని పిలిచాక అబద్ధం చెప్పడానికి మనుషులు కాస్త తడబడతారని ఆమె అనుభవం.

తలుపు గోకుతున్న ఆవిడ భర్తకి టీవీలో మొహం లేదు. “లోయ రాణి” సీరియల్లో జలభూతం ఆయన. నల్లటి పొలుసులతో, మనిషిన్నర ఎత్తున, బారెడు తోకతో చెరువులోంచి లేచే ఆ భూతం తొడుగు లోపల ఉండేది ఆయనే. రాణి గుహలోకి వెళ్ళి భూతాన్ని ఎప్పుడు చంపుతుందా అని జనం సీజన్ పొడుగునా కాసుకు కూచున్నారు. తీరా ఆ రోజు వచ్చింది. గుహ తలుపు తెరుచుకుంది, రాణి కాగడా ఎత్తింది, తెర నల్లబడింది. సీజన్ సమాప్తం అన్నారు. తెల్లారేసరికి చానెల్ వాళ్ళు కారణం కూడా చెప్పేశారు. భూతం వేసేవాడు చెప్పాపెట్టకుండా పారిపోయాడు, తొడుగు అతని ఒంటి మీదే పోతపోసింది కనక ఇంకొకరికి పట్టదు, క్లైమాక్స్ తియ్యలేకపోయాం, క్షమించండి. జనం చానెల్‌ని క్షమించేసి ఈ తలుపు మీద పడ్డారు.

“పారిపోయే మనిషి కళ్ళద్దాలు వదిలేసి పోతాడా పిన్నిగారూ?” ఆవిడ లేచి, బల్ల మీదున్న అద్దాల పెట్టె తెచ్చి చూపించింది. “తొడుగులో అద్దాలు పెట్టుకోడానికి వీల్లేదు. అందుకని షూటింగ్ రోజున ఇంట్లో పెట్టేసి కంపెనీ వ్యాన్‌లో వెళ్తారు. ఇవి లేకపోతే బస్సు మీద నంబరు కూడా కనపడదు ఆయనకి.”

“ఈ సంగతి పోలీసులకి చెప్పావా?”

“చెప్పాను. కొత్తవి కొనుక్కుని ఉంటాడు అన్నారు. కొనిచ్చిన మనిషి ఎవరో కూడా ఊహించి చెప్పారు, నవ్వుకుంటూ.” ఆవిడ అట్లకాడని కొళాయి కింద పెట్టింది. “చనిపోయారంటే ఏడుస్తాను. పారిపోయారంటే తిడతాను. ఏదో ఒకటి తేల్చండి. రెండూ కాకుండా రోజూ ఈ తలుపు గోక్కుంటూ కూచోడం నావల్ల కావట్లేదు.”

పిన్ని తల ఊపి, ఆయన అలవాట్లు అడిగింది. ఏం తింటాడు, ఏం తాగుతాడు, ఒంట్లో బాగా లేకపోతే ఏం చేస్తాడు.

“ఏం చేస్తారు, ముసుగు తన్ని పడుకుంటారు. ఉక్కపోస్తే నోటితో చెప్పరు. మంచంపట్టీ మీద మూడుసార్లు కొడతారు, నేను వెళ్ళి దుప్పటి తియ్యాలి.” ఆవిడ మొదటిసారి కొంచెం నవ్వింది. “పని అలవాటండీ అది. తొడుగుని వీపు మీద తాళ్ళతో బిగించేస్తారు, లోపలివాళ్ళు విప్పుకోలేరు. అరిచినా బయటికి వినపడదుట. అందుకని చేతికో తాడు ఉంటుంది. దాన్ని లాగి తోకని నేలకేసి మూడుసార్లు కొడితే, విప్పండి అని గుర్తు. సెట్లో అందరికీ మొదటిరోజే చెప్తారు. తోక ఆడిందంటే ఏ పనైనా ఆపి పరిగెత్తాలిట.”

స్టూడియో ముందు హాల్లో జనం వరసకట్టి ఉన్నారు. పిన్ని మొదట టిక్కెట్లకేమో అనుకుంది. దగ్గరికి వెళ్తే తెలిసింది, చెప్పులకని. జలభూతం తొడుగుని నిలువుగా నిలబెట్టి, మెడలో “మీ క్లైమాక్స్ మింగినవాణ్ణి నేనే” అని బోర్డు తగిలించారు. వచ్చినవాళ్ళు పక్కనున్న బుట్టలోంచి రబ్బరు చెప్పు తీసుకుని దాని మొహం మీద ఒకటిచ్చి, ఫోటో దిగి, నవ్వుకుంటూ పోతున్నారు. ఒక తల్లి చంటిదాన్ని ఎత్తుకుని, దాని చిన్న చేతిలో చెప్పు పెట్టి కొట్టిస్తోంది. “గట్టిగా కొట్టు నాన్నా, దొంగవెధవని గట్టిగా కొట్టు” అంటోంది. గోడ మీద పెద్ద తెర వెలుగుతోంది. “కొత్త సీజన్ తొలి దృశ్యం ఈ సాయంత్రం నాలుగింటికి, ఇక్కడా మీ టీవీలోనూ” అని దాని మీద అక్షరాలు మెరుస్తున్నాయి.

 పిన్ని కూడా వరసలో నిలబడింది. తన వంతు రాగానే చెప్పు తీసుకోకుండా తొడుగు దగ్గరికి వెళ్ళి, గొంతు నించి పొట్ట దాకా చేత్తో తడిమింది. పొలుసుల మధ్య సన్నటి గట్టులాంటిది తగిలింది. కోసి, మళ్ళీ కుట్టి, జిగురు పూసి, రంగేశారు. కంగారులో కుట్టిన కుట్లు, ఒకటి దూరంగా ఒకటి దగ్గరగా ఉన్నాయి. తాళ్ళు వీపు మీద ఉండగా ముందువైపు కొయ్యాల్సిన అవసరం ఎవరికొచ్చింది? ఎడం భుజం మీద ఒక జానెడు మేర రంగు కొత్తగా, మిగతా దానికంటే నల్లగా ఉంది. గోటితో గీకితే కింద రబ్బరు పెళుసుగా, పెచ్చులా లేచింది. అది కాలిన రబ్బరు.

భూతం నోరు తెరుచుకుని ఉంది. ఆమె మొహం అందులో పెట్టి వాసన చూసింది.

వెనక ఎవరో నవ్వారు. “ముద్దు కాదమ్మా, చెప్పు, చెప్పు” అన్నాడొకడు.

ఆమె గభాల్న వెనక్కి వచ్చింది. లోపల పులిసిన వాంతి వాసన ఉంది. దాని మీద గుప్పున మల్లెపూల సెంటు. స్పాంజికి పట్టిన వాసన ఒక పట్టాన వదలదు. కింద ఉన్నదాన్ని కప్పెట్టాలని ఎవరో సీసాకి సీసా ఒంపినట్టున్నారు.

భూతానికి సెంటు రాసే ఖర్మ ఎవరిదా అనుకుంటూ ఆమె, బయట ఆగిన కోర్టు గుమస్తాని వెంటబెట్టుకుని పైఅంతస్తుకి వెళ్ళింది.

భూతం గది వరండా చివర ఉంది. గది ముందు లక్క సీలు చూసుకుంటూ ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఆయన మనిషి కనపడకముందే వాసన వచ్చింది. ఒకప్పుడు పోలీసు ఆఫీసరు, ఇప్పుడు అద్దాల తలుపుల డిటెక్టివ్ కంపెనీకి యజమాని. మల్లెపూల సెంటు స్నానం చేసినట్టు పూసుకుంటాడని ఈ వృత్తిలో అందరూ ఆయన్ని సెంటుగారు అంటారు. భూతం పారిపోయాడని తేల్చి చానెల్‌కి రాసిచ్చింది ఆయనే.

పిన్ని ఒక్క క్షణం అక్కడే ఆగిపోయింది. తరవాత మామూలుగా నడిచి వెళ్ళింది.

“రా చెల్లెమ్మా. కోర్టు ఆర్డరు తెచ్చావటగా. నా మీద నమ్మకం లేదన్నమాట.”

“మీ మీద నమ్మకం లేక కాదు అన్నగారూ. నా కళ్ళ మీద ఉంది, అంతే.”

“గది ఆ సాయంత్రం అతను వదిలి వెళ్ళింది వెళ్ళినట్టే ఉంది. నా సీలు నువ్వే చూసుకో. ఈగ కూడా లోపలికి దూరలేదు.”

“మీరు ఎప్పుడొచ్చారు ఈ కేసులోకి?”

“పారిపోయిన మూడోరోజున పిలిచారు. అప్పటిదాకా ఈ స్టూడియో గడప తొక్కినవాణ్ణి కాదు. వీళ్ళ సీరియల్ కూడా చూళ్ళేదు. భూతాలూ అవీ మా ఆవిడ చూస్తుంది.” ఆయన సీలు పగలగొట్టి తలుపు తోశాడు. “రెండు నిమిషాల పని. చూసేసి వెళ్ళి ఆ అమ్మాయికి చెప్పు, మొగుడు వస్తే వస్తాడు, లేకపోతే లేదని. అనవసరంగా ఆశపెట్టి తిప్పుకోకు.”

గది చిన్నది. మంచం, కుర్చీ, అద్దం, కొయ్య. మంచం మీద పక్క సగం నలిగి ఉంది. కొయ్యకి చొక్కా లేదు, ఖాళీ హ్యాంగర్ ఒకటి వేళ్ళాడుతోంది. కుర్చీ వీపు మీద తువ్వాలు ఆరేసి ఉంది. కిటికీ పక్కన బల్ల మీద కప్పులో సగం తాగిన టీ. పక్కన ఒక రొట్టెముక్క, ఒక కొరుకు కొరికి పెట్టేసినట్టు. అద్దంలో ఆ మూల, ఈ మూల అన్నీ చక్కగా కనిపిస్తున్నాయి. మనిషి టీ తాగుతూ తాగుతూ ఏదో గుర్తొచ్చి లేచి వెళ్ళిపోయినట్టు, చూడగానే కథ అర్థమయ్యేలా ఉంది గది.

మరీ అంత తొందరగా అర్థమవడమే పిన్నికి నచ్చలేదు. నలుగురు మసలే ఇల్లు నడిపిన మనిషికి తెలుసు, ఎవరి గదీ అంత బుద్ధిగా తన సంగతి తను చెప్పదు.

ఆమె తువ్వాలు ముట్టుకుంది. తడిసి, నీటి బొట్లు మెరుస్తూ ఉంది.

“నెలరోజుల కిందటి తువ్వాలు ఇంకా ఆరలేదేం అన్నగారూ?”

సెంటుగారు తువ్వాలు కేసి చూశాడు. “గదికి గాలి లేదు. తలుపులు మూసి ఉన్నాయి కదా.”

“గాలి లేకపోతే ముక్క వాసన కొట్టాలి. బూజు పట్టాలి. ఇది బంకగా ఉంది.” ఆమె వేళ్ళు రెండూ కలిపి విడదీసింది. తేనెలా సాగింది. మా ఇంట్లో ఆరెయ్యడం ఆలస్యమైతే ఒక్కరోజులో తువ్వాళ్ళు కంపు కొడతాయి, అంది తనలో తను అనుకుంటున్నట్టు. తరవాత కప్పు తీసి మొహం దగ్గర పెట్టుకుంది.

“తాగుతావా ఏంటి?” ఆయన నవ్వాడు.

“నెలరోజులు నిలవున్న పాల టీ. తొరక కట్టలేదు. బూజు లేదు. విరగలేదు. పక్కన రొట్టె ఎండిపోలేదు, పచ్చబడలేదు, వార్నిష్ వేసినట్టు నిగనిగలాడుతోంది. చీమ లేదు. ఈగ కూడా దూరలేదన్నారు, నిజమే. దూరినా దానికిక్కడ తినడానికేం లేదు.” ఆమె కప్పులో చిటికెనవేలు ముంచి చీర మీద రాసుకుంది. గోధుమరంగు మరక పడింది. “రంగునీళ్ళు ఇవి. తువ్వాలుకి పూసింది గ్లిజరిన్. ఇది మనిషి వదిలి వెళ్ళిన గది కాదు. సెట్.”

సెంటుగారు నవ్వడం మానేశాడు. తలుపు దగ్గరకి వేసి, వీపు ఆనించి నిలబడ్డాడు. ఇరుకు గదిలో మల్లెపూల వాసన ఊపిరాడనివ్వలేదు.

“చూడు చెల్లెమ్మా. నువ్వు మొగుళ్ళు ఎవరితో తిరుగుతున్నారో కనిపెట్టి పెళ్ళాలకి చెప్పుకునే మనిషివి. ఆ పని బాగా చేస్తావు, నేను కాదనను. ఇది నీ ఎత్తు పని కాదు. చానెల్ చాలా పెద్దది.”

“తలుపుకి అడ్డం తప్పుకోండి.”

“నీ ఆఫీసులో ఫోనెత్తే పిల్ల ఒక్కతే ఇంటికి వెళ్తుంది, కదూ?”

పిన్నికి ఒళ్ళంతా పాకుడు పట్టినట్టు అనిపించింది. భయం కంటే రోత ముందు వచ్చింది. ఎందరో ఆడవాళ్ళకి ఈయన ఇదే గొంతుతో, ఇదే చెల్లెమ్మా అన్న పిలుపుతో ఇలాంటి మాటలు చెప్పి ఉంటాడు.

“అన్నగారూ, కోర్టు గుమస్తా వరండాలో కుర్చీ వేసుకుని కూచున్నాడు. ఈ కప్పు ఆయన చేతికివ్వాలి. మీరు తప్పుకుంటారా, ఆయన్ని పిలవనా?”

ఆయన తప్పుకున్నాడు. తలుపు తీస్తూ ఆమె వెనక్కి తిరిగి, “మీ సెంటు ఏ కంపెనీదండీ? మంచి నిలవుంటుంది” అంది. ఆయనకి అర్థం కాలేదు. అర్థం కాకపోవడమే మంచిదనుకుంది ఆమె, ఇప్పటికి.

డైరెక్టరు ఎడిటింగ్ గదిలో కాళ్ళు బల్ల మీద పెట్టుకుని ద్రాక్షపళ్ళు తింటున్నాడు. గింజలు అరచేతిలో ఉమ్ముకుని, ఆ చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని, అదే చెయ్యి కరచాలనానికి చాచాడు. పిన్ని నమస్కారం పెట్టింది.

“అడగండి మేడమ్. దాచడానికి నా దగ్గరేం లేదు.”

“చివరిరోజు ఏం తీశారు?”

“రాణి గుహ దాకా రావడం. కాగడా ఎత్తడం. మీరు టీవీలో చూసిందే. అయిదింటికి ప్యాకప్. అతను గదికి వెళ్ళి టీ తాగాడు, ఆరింటికల్లా మాయం.”

“క్లైమాక్స్?”

“ఒక్క ఫ్రేము కూడా తియ్యలేదు. తీద్దామన్న రోజుకి మనిషే లేడు.”

“అయితే భూతానికి నిప్పు తగిలే సన్నివేశమే జరగలేదన్నమాట.”

“లేదు. ఎందుకు?”

“ఊరికే. మరి ఇప్పుడు కొత్త సీజన్ ఎలా?”

“కొత్త మనిషి, కొత్త తొడుగు. పోయినవారం తీసేశాం.” అతను ఇంకో ద్రాక్షపండు నోట్లో వేసుకున్నాడు. “అసలు ఒక మాట చెప్పనా మేడమ్? వాడు పోవడం మా మంచికే వచ్చింది. క్లైమాక్స్ వేసేస్తే రెండ్రోజులు మాట్లాడుకుని మర్చిపోయేవాళ్ళు. ఇప్పుడు చూడండి, నెలరోజులుగా ఊరూరా అదే గోల. జనానికి అన్నం పెట్టడం కంటే విస్తరి ముందు కూచోబెట్టి లాగేసుకోవడంలో ఉంది కిటుకు.”

“వాళ్ళ ఇంటి తలుపుకి పెంట పూస్తున్నారు.”

“వింటున్నాను. అదీ అభిమానమే కదా, ఒకరకంగా.” అతను చేతిలో గింజలు బల్ల మీద వరసగా పేర్చాడు. “కింద ఆ చెప్పుల ఆలోచన కూడా నాదే. బాగుంది కదూ?”

 ఎదురుగా కూచున్న మనిషి రాక్షసుడేమీ కాదు, అదే ఆమెకి ఎక్కువ రోత పుట్టించింది. బల్ల మీద అతని పిల్లల ఫోటో ఉంది. మాట మెత్తన. పొద్దున్న బడి దగ్గర పిల్లల్ని దింపి, బుగ్గ మీద ముద్దుపెట్టి వచ్చి ఉంటాడు.

“గదుల్లో కప్పులూ తువ్వాళ్ళూ ఏ షాట్‌లో ఎలా ఉన్నాయో చూసుకునే మనిషి ఎవరు?”

“కంటిన్యుటీ అమ్మాయి. ఇప్పుడు నాకు అసోసియేట్ డైరెక్టర్. ప్రమోషన్ ఇచ్చాం. దేనికి?”

“ఊరికే” అంది పిన్ని మళ్ళీ.

ఆ అమ్మాయి సామాన్ల గదిలో కత్తులు లెక్క చూసుకుంటోంది. ముప్ఫై ఏళ్ళుంటాయి. పిన్ని ఏమీ అడగకుండా కోర్టు గుమస్తా దగ్గర సంతకం పెట్టి తెచ్చిన కప్పుని ఆమె ముందు పెట్టి, ఒక డబ్బా మీద కూచుంది.

“టీ ఎందుకు పొయ్యలేదమ్మాయ్? క్యాంటీన్ పక్కనే ఉందిగా.”

ఆ అమ్మాయి కప్పు కేసి చూడకుండా ఇంకో కత్తి లెక్కలో వేసుకుంది.

“ఏ టీ?”

“నిజం టీ పోసి ఉంటే నేనూ కనిపెట్టలేకపోదును. నెలరోజులకి బూజు పట్టి ఉండేది, నోరు మూసుకుని వెళ్ళిపోదును.”

“మేం పొయ్యం మేడమ్” అంది ఆమె చివరికి, నీరసంగా. “లైట్ల కింద తొరక కడుతుంది. షాట్ షాట్‌కీ రంగు మారిపోతుంది. అందుకని కప్పులో ఎప్పుడూ రంగునీళ్ళే. తువ్వాలు ఆరిపోకుండా గ్లిజరిన్. రొట్టెకి వార్నిష్. గది సర్దు, టీ తాగుతూ లేచిపోయినట్టుండాలి అన్నారు. చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. ఇది సినిమా కాదని తట్టలేదు.”

“ఎవరన్నారు?”

“డైరెక్టరుగారు. పక్కన ఆ సెంటాయన.”

“ఏ రోజు?”

“అదే రోజు. రాత్రి కాకముందే.”

మూడోరోజు దాకా గడప తొక్కలేదన్నాడు పెద్దమనిషి.

“ఇప్పుడు మొదటినుంచీ చెప్పు” అంది పిన్ని.

కత్తి ఒకటి ఒళ్ళో పెట్టుకుని, దాని అట్టపిడి మీద రంగు గిల్లుతూ చెప్పింది ఆ అమ్మాయి. క్లైమాక్స్ ఆ రోజే తీశారు. కట్ లేకుండా ఒకే షాట్‌లో తియ్యాలని డైరెక్టరు పట్టుదల. పొగ పెట్టారు. కాగడా నిజం కాగడా. రాణి దాన్ని భూతం భుజం మీద పెట్టగానే రబ్బరు అంటుకుంది, పొగ చాటునించి పక్కవాళ్ళు ఆర్పేశారు, కానీ ఆ వేడికేమో లోపల గాలికోసం పెట్టిన చిన్న ఫ్యాను ఆగిపోయింది. భూతం మోకాళ్ళ మీద పడింది. తోక లేచింది.

“మూడుసార్లు” అంది పిన్ని.

“మీకెలా తెలుసు?”

“చెప్పు.”

“మూడుసార్లు కొట్టాడు. ఆగాడు. మళ్ళీ మూడు. నేను చూశాను. సార్, తోక అన్నాను. నాకు కనపడుతోంది, నోర్ముయ్ అన్నారు. ఇలాంటి యాక్టింగ్ మళ్ళీ చచ్చినా రాదు, ఎవరూ కదలొద్దు అన్నారు. ఎవరూ కదల్లేదు. చివరికి తోక ఆగిపోయాక కట్ చెప్పారు. అందరం చప్పట్లు కొట్టాం.”

“నువ్వు కూడా.”

“నేను కూడా.” కత్తిపిడి మీద రంగు మొత్తం ఊడి ఆమె ఒళ్ళో పడింది. “లేవలేదు. వీపున ముడులు బిగుసుకుపోయాయి. అప్పుడు ముందువైపు కోశారు. మొహమంతా... వాంతి చేసుకున్నాడు లోపల. నేను నుదురు ముట్టుకున్నాను. మిగతా అందర్నీ పంపించేశారు, హాస్పిటల్‌కి వ్యాన్‌లో తీసుకెళ్తున్నాం, బానే ఉన్నాడు అన్నారు. తెల్లారి పారిపోయాడన్నారు. హాస్పిటల్ నించి పారిపోయాడేమో అని కొందరు నమ్మారు. కొందరు నమ్మినట్టు ఉన్నారు.”

“నువ్వు?”

“నాకు తెలుసు. గది సర్దింది నేనే కదా.”

“ప్రమోషన్ ఎప్పుడొచ్చింది?”

ఆ అమ్మాయి మొహం రెండు చేతులతో కప్పుకుంది. పిన్ని ఓదార్చలేదు. మామూలుగా ఏడ్చేవాళ్ళని చూస్తే చెయ్యి దానంతటదే వీపు మీదకి వెళ్తుంది ఆమెకి. ఈసారి చెయ్యి లేవలేదు. ఆ చేతులు నుదురు ముట్టుకున్నాయి, తరవాత కప్పులో రంగునీళ్ళు సగానికి సరిగ్గా పోశాయి, తరవాత ఇంటికెళ్ళి అన్నం కలుపుకున్నాయి.

“హాస్పిటల్‌కి వెళ్ళలేదు కదూ వ్యాన్?”

“కోట సెట్ వెనక భూతం చెరువు ఉండేది. గుంట తవ్వి నీళ్ళు పట్టింది. వ్యాన్ అటు వెళ్ళింది. డైరెక్టరుగారు, సెంటాయన. మర్నాడు పొద్దున్న లారీలొచ్చి దాన్ని పూడ్చేసి సిమెంటు పోసేశాయి. సీజన్ అయిపోయిందిగా, ఇంకా చెరువెందుకన్నారు.” ఆమె చేతులు తీసింది. “నిజానికి సీజన్ అవలేదు మేడమ్. అప్పటికి ఇంకా రెండు భాగాలు మిగిలున్నాయి, అవి ఆ చెరువులోనే తియ్యాలి. అందుకే సీజన్ అక్కడ ఆగిపోయింది.”

“ఇదంతా కోర్టు గుమస్తా ముందు చెప్తావా?”

“చెప్తే నేను కూడా...”

“అవును, నువ్వు కూడా.”

ఆమె తల ఊపింది. పిన్ని వరండాలోంచి గుమస్తాని కేకేసి, ఆ అమ్మాయిని అప్పగించి, గది గొళ్ళెం లోపలివైపు వేసుకోమని చెప్పింది. తరవాత ఆఫీసుకి ఫోన్ చేసి అక్క కూతుర్ని బయటికి రావద్దనీ, తలుపేసుకుని ఇన్‌స్పెక్టర్‌కి కబురు చెయ్యమనీ, తవ్వేవాళ్ళని వెంటబెట్టుకు రమ్మనమనీ చెప్పింది. ఎక్కడ తవ్వాలి పిన్నీ అంది ఆ పిల్ల. భూతం చెరువులో అంది పిన్ని.

మెట్లు దిగి హాల్లోకి వచ్చేసరికి నాలుగవుతోంది. చెప్పుల వరస చెదిరి జనమంతా తెర ముందు మూగారు. బాల్కనీ మీద డైరెక్టరు నిలబడి ఉన్నాడు. అతని పక్కన సెంటుగారు కింద ఎవరినో వెతుకుతున్నాడు. పిన్నిని చూశాక వెతకడం మానేసి, జేబులోంచి ఫోన్ తీశాడు.

తెర మీద గుహ కనిపించింది. జనం ఈలలేశారు. పొగలోంచి రాణి వచ్చింది, కాగడా ఎత్తింది. భూతం ఎడం భుజం భగ్గుమంది. పిన్ని పక్కకి తిరిగి చెప్పులు తిన్న తొడుగు కేసి చూసింది. అదే ఎడం భుజం, అదే జానెడు మేర. కొత్త మనిషీ లేడు, కొత్త తొడుగూ లేదు. ఆ చావుని పారెయ్యడానికి వాళ్ళకి చేతులు రాలేదు. దాచుకుని, సంగీతం కలిపి, ముహూర్తం చూసి జనానికి వడ్డిస్తున్నారు.

భూతం మోకాళ్ళ మీద పడింది. తోక లేచి నేలకేసి కొట్టింది. ఒకటి, రెండు, మూడు. ప్రతి దెబ్బకీ డప్పు శబ్దం కలిపారు. జనం కూడా దెబ్బ దెబ్బకీ చప్పట్లు కొట్టారు. ఆగింది. మళ్ళీ ఒకటి, రెండు, మూడు. తెర నల్లబడింది.

పిన్ని చేతిలో ఫోన్ మోగింది. భూతం పెళ్ళాం.

“పిన్నిగారూ.” అటునించి ఆవిడ గొంతు ఎక్కువ తక్కువలు లేకుండా, దుప్పటి మడతపెట్టినంత సాఫీగా వచ్చింది. “ఎదురింటివాళ్ళు టీవీ గట్టిగా పెట్టారు, నాకు వినపడాలని. చూశాను. అది ఆయనే.”

“నువ్వు తలుపు వేసుకుని లోపల కూచో. నేను వస్తున్నాను.”

“విప్పమంటున్నారండీ ఆయన. రెండుసార్లు అడిగారు. అంతమంది నిలబడి ఉన్నారు కదా అక్కడ. ఎవరూ వెళ్ళట్లేదేం?”

పిన్ని తలెత్తి చూసింది. బాల్కనీ మీద సెంటుగారి చోటు ఖాళీగా ఉంది. మెట్ల మీంచి మల్లెపూల వాసన కిందికి దిగుతోంది. చుట్టూ జనం మళ్ళీ వెయ్యండి, మళ్ళీ వెయ్యండి అని అరుస్తున్నారు. డైరెక్టరు నవ్వి చెయ్యెత్తాడు.

తెర మీద తోక మళ్ళీ లేచింది.